రెండుసార్లు కాల్చిన మాట

మా అక్క కొడుకు పై చదువుకని అమెరికాలో అట్లాంటా వెళ్లాడు. వెళ్లిన వారానికి ఫోన్ చేశాడు.

"పిన్నీ, పొద్దున్నే కాఫీతో తిందామని బిస్కట్ అడిగితే, పొగలు వస్తున్న మెత్తటి బన్నులాంటిది చేతిలో పెట్టారు. పైన మిరియాల పొడి వేసిన తెల్లటి గ్రేవీ. ఇది కాదు, బిస్కట్ కావాలన్నాను. ఇదే బిస్కట్ అన్నారు."

వాడి పెట్టెలో మా అమ్మ చేసిచ్చిన డబ్బాడు మైదా బిస్కట్లు ఇంకా ఉన్నాయి. నూనెలో వేయించినవి. "అమ్మమ్మ వేయించేదీ బిస్కటే, కొట్లో ప్యాకెట్టులో దొరికేదీ బిస్కటే, ఇక్కడి మెత్తటిదీ బిస్కటే. వీటిలో అసలు బిస్కట్ ఏది?" అని అడిగాడు.

అప్పటికి నా దగ్గర జవాబు లేదు. వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, వాడు అడిగింది తిండి గురించి మాత్రమే కాదని. ఒక వస్తువు ఊరూరా మారిపోతుంటే దాని పేరు ఎందుకు మారలేదన్న కథ అది. ఆ కథ ఓడరేవులో మొదలవుతుంది.

ఓడ ఎక్కిన రొట్టె

లాటిన్‌లో బిస్ అంటే రెండుసార్లు, కోక్టస్ అంటే వండినది. ఈ రెండూ కలిసి పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి బిస్కట్ అయ్యాయి. ఇటలీవాళ్ల బిస్కొట్టోకు, జర్మన్ల త్స్వీబాక్‌కు కూడా అర్థం అదే. మన బేకరీల్లో ఈ అర్థానికి అక్షరాలా సరిపోయేది రస్కు. ముందు రొట్టెగా కాల్చి, ముక్కలు కోసి, ఆ ముక్కల్ని మళ్లీ బట్టీలో పెడతారు.

రెండుసార్లు ఎందుకు? "ఎన్నాళ్లు నిలవుంటుంది?" అన్న ఒక్క ప్రశ్న కోసం. రొట్టెను పాడుచేసేది దానిలోని తడి. ఒకసారి కాలిస్తే రొట్టె ఉడుకుతుంది కానీ లోపలి తడి పూర్తిగా పోదు. తక్కువ సెగ మీద మళ్లీ గంటల తరబడి ఉంచితే ఆ తడి కూడా పోతుంది. తడి లేని చోట బూజు పెరగదు, బరువూ తగ్గుతుంది. పిండి, నీళ్లు, కాస్త ఉప్పు తప్ప అందులో ఏమీ ఉండేవి కావు. రోమన్ సైనికులు ఇలాంటి గట్టి రొట్టెనే మోసుకుని నడిచేవారు. వాళ్ల తర్వాత నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికులకు అదే ఆధారమైంది.

ఇంగ్లండు నౌకాదళ వ్యవహారాలు చూసిన శామ్యూల్ పీప్స్ తన డైరీతో ప్రపంచానికి పరిచయం. నావికుడి రోజువారీ తిండిని కాగితం మీద స్థిరపరిచినవాళ్లలో ఆయనే ముఖ్యుడు. 1677 నాటి ఒప్పందం ప్రకారం తలకు రోజుకు ఒక పౌను బిస్కట్, ఒక గాలను బీరు. పౌను అంటే దాదాపు 450 గ్రాములు. ఆ బిస్కట్‌ను నేరుగా కొరికితే పళ్లు ఊడతాయి. అందుకని పులుసులోనో బీరులోనో నానబెట్టి తినేవారు. ఓడ అడుగున తేమకు ముక్కపురుగులు పట్టేవి. తినేముందు బల్లకేసి కొట్టి, పురుగుల్ని దులిపి తినడం నావికులకు అలవాటే.

ఇప్పటి బిస్కట్ల మీద కనిపించే చిన్న చిన్న చిల్లులు కూడా ఆ కాలపు గుర్తులే. కాలేటప్పుడు లోపల పుట్టిన ఆవిరి బయటికి పోయే దారి లేకపోతే బిస్కట్ పూరీలా పొంగుతుంది. పొంగితే గాలి చేరుతుంది, సమంగా ఎండదు. పిండి మీద ముళ్లతో పొడిచేది అందుకే.

అప్పట్లో ఇంగ్లీషువాళ్లు ఈ మాటను పలికినట్టే రాసేవారు. తర్వాత ఫ్రెంచి స్పెల్లింగు మీద మోజు పుట్టి రాత మార్చుకున్నారు, పలుకు మాత్రం పాతదే ఉండిపోయింది. స్పెల్లింగు చదివే మన పిల్లలు ఆ పలకని యు అక్షరం దగ్గర ఇప్పటికీ తడబడేది అందుకే.

ఇంతకీ ఆ ఓడ బిస్కట్ ఎంత గట్టిదో చూడాలంటే గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఒకటుంది. దాని మీదే సిరాతో రాత ఉంది: ఎవరికి ఇచ్చారో, ఏ ఊళ్లో ఇచ్చారో, తేదీతో సహా. ఆ తేదీ 1784 ఏప్రిల్ 13. ఎన్నాళ్లు నిలవుంటుందన్న ప్రశ్నకు అది రెండు శతాబ్దాలకు పైగా జవాబు చెబుతూనే ఉంది.

ఆవిరి యంత్రం, రేకు డబ్బా

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కూడా ఓడ బిస్కట్‌ను చేత్తో పిసికి, చేత్తో అచ్చుకొట్టేవారు. గాస్‌పోర్ట్‌లోని నౌకాదళ గిడ్డంగిలో పనిచేసిన థామస్ గ్రాంట్ ఈ పనినంతా ఆవిరి యంత్రాలకు అప్పగించాడు. పిండి కలపడం, పలకలా ఒత్తడం, ముక్కలు కోయడం అన్నీ యంత్రమే చేసేది. గుండ్రటి ముక్కలు కోస్తే మధ్యలో పిండి మిగిలిపోతుంది. తేనెపట్టు గదుల్లా ఆరు మూలలు పెడితే ఏమీ మిగలదు. ఆ లెక్కతో ఓడ బిస్కట్‌కు ఆరు మూలలు వచ్చాయి.

నౌకాదళంలో పుట్టిన ఈ ఆలోచన ఊళ్లోకి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. రెడింగ్ పట్టణంలో జోసెఫ్ హంట్లీ 1822లో బిస్కట్ల దుకాణం తెరిచాడు. గుర్రపు బండ్లలో దూరాలు వెళ్లే ప్రయాణికులు ఆ దారిలో ఆగేవారు, వాళ్లకు ఈ బిస్కట్లు అమ్మేవారు. దారిలో అవి విరిగిపోకుండా, మెత్తబడకుండా ఉండాలి. హంట్లీ చిన్న కొడుకు రేకు పని చేసేవాడు. తండ్రి బిస్కట్లకు కొడుకు డబ్బాలు చేశాడు. గాలి చొరబడని ఆ డబ్బా కూడా ఎండిన పిండిని ఎండినట్టే ఉంచింది. పూర్వం రెండోసారి కాల్చి సాధించిన దానిలో సగం పనిని ఇప్పుడు రేకు చేసిపెట్టింది.

1841లో జార్జ్ పామర్ ఆ వ్యాపారంలో భాగస్వామి అయ్యాడు. 1846లో పెద్ద ఫ్యాక్టరీ పెట్టి, పిండి ఒక చివర వేస్తే రెండో చివర బిస్కట్ వచ్చేలా యంత్రాల వరస నడిపాడు. 1900 నాటికి హంట్లీ అండ్ పామర్స్‌లో 5000 మందికి పైగా పనిచేసేవారు. కార్లైల్ పట్టణంలో జోనథన్ డాడ్జ్‌సన్ కార్ 1831లోనే మొదలుపెట్టాడు. లండన్‌లో పీక్ ఫ్రీన్ 1857లో వచ్చింది. మనం జ్వరం వచ్చినప్పుడు పాలల్లో ముంచి తినే మేరీ బిస్కట్ ఆ పీక్ ఫ్రీన్ చేసిందే. 1874లో రష్యా చక్రవర్తి కూతురు మరియా, విక్టోరియా రాణి కొడుకును పెళ్లాడినప్పుడు ఆమె పేరు పెట్టారు.

ఇన్ని మార్పుల్లో అసలు మార్పు ఒకటుంది. పంచదార, వెన్న చేరాయి, బిస్కట్ పలచబడింది. అంత పలచటి ముక్క ఒక్కసారి కాలిస్తేనే లోపలిదాకా ఎండిపోతుంది. రెండోసారి కాల్చాల్సిన అవసరమే లేకపోయింది. పేరు మాత్రం "రెండుసార్లు కాల్చినది" అనే ఉండిపోయింది. ఏ ఒక్క రోజూ పెద్ద మార్పు జరగలేదు. నిన్నటి బిస్కట్ కంటే ఇవాళ్టిది కాస్త పలచన, రేపటిది కాస్త తీపి. పేరు మార్చాల్సిన రోజు ఎవరికీ రాలేదు.

సముద్రం అవతల మెత్తబడింది

ఇదే అమెరికాలో ఇంకో దారి పట్టింది. వలస వెళ్లిన ఇంగ్లీషువాళ్లు గట్టి బిస్కట్‌నే తీసుకెళ్లారు. అయితే దక్షిణాది పల్లెల్లోని వంటింటి అవసరం వేరు. అక్కడివాళ్లకు ఓడ ప్రయాణం లేదు, పూటపూటకీ వేడివేడి రొట్టె కావాలి. ఆ వేడి దేశంలో ఈస్టును చెడిపోకుండా కాపాడుకోవడం కష్టం. అందుకని మొదట బీటెన్ బిస్కట్ వచ్చింది. పిండి ముద్దను చెట్టు మొద్దు మీద పెట్టి, కర్రతోనో గొడ్డలి వెనక వైపుతోనో అరగంట, ఇంకా ఎక్కువసేపు బాదేవారు. బాదే కొద్దీ పిండి మడతల్లో గాలి చేరి బిస్కట్ కొంచెం తేలికయ్యేది. తోటల యజమానుల ఇళ్లలో ఆ బాదుడు బానిసలైన నల్లజాతివాళ్ల చేతులదే. ఆ వెచ్చటి రొట్టె గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఆ చేతుల్ని మరిచిపోకూడదు.

ఆ శ్రమను తీసేసింది వంటసోడా. పుల్ల మజ్జిగలో సోడా పడితే బుడగలు పొంగుతాయని మన వంటింట్లోనూ తెలుసు. ఆ బుడగలే పిండిని లేపుతాయి, బాదక్కర్లేదు, ఈస్టు అక్కర్లేదు. 1856లో హార్వర్డ్ ఆచార్యుడు ఎబెన్ హార్స్‌ఫర్డ్ తన బేకింగ్ పౌడరుకు పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందే ఇంగ్లండులో బ్రిస్టల్ ఊరి రొట్టెల వ్యాపారి హెన్రీ జోన్స్ పిండిలోనే సోడా, టార్టారిక్ ఆమ్లం కలిపేసి, నీళ్లు పోస్తే చాలు తనంతట తనే పొంగే పిండిని తయారుచేశాడు. 1845లో దానికి పేటెంటు వచ్చింది. నావికులు పళ్లూడగొట్టే బిస్కట్ మాని ఓడలోనే తాజా రొట్టె చేసుకోవాలన్నది ఆయన కోరిక. ఓడ బిస్కట్‌ను అంతం చేయాలని పుట్టిన ఆ రకం పిండితోనే ఇవాళ అమెరికా దక్షిణాదిలో ఇంటింటా బిస్కట్లు చేసుకుంటున్నారు. ఈ కథ మొత్తంలో నన్ను ఎక్కువసేపు ఆపేసిన మలుపు ఇదే.

దక్షిణాదిలో పండే గోధుమ మెత్తటిది, జిగురు తక్కువ. అది ఈస్టు రొట్టెకు అంతగా పనికిరాదు, సోడా బిస్కట్‌కు సరిగ్గా సరిపోతుంది. అచ్చు కోయడానికి కూడా పనిముట్లు వచ్చాయి. నల్లజాతి ఆవిష్కర్త అలెగ్జాండర్ ఆష్‌బోర్న్ 1875లో బిస్కట్ కట్టర్‌కు పేటెంటు పొందాడు. ఇక్కడా అంతే. గట్టిది బాదుడుతో కాస్త గుల్లబారింది, గుల్లది సోడాతో మెత్తబడింది. గుండ్రంగా కోసిన అదే చిన్న ముక్క, అదే పేరు.

మరి తీపి బిస్కట్‌ను వాళ్లేమన్నారు? న్యూయార్క్ మొదట డచ్చివాళ్ల ఊరు. చిన్న కేకును వాళ్లు కూకియ అనేవారు, అది కుకీ అయింది. 1796లో అచ్చయిన అమీలియా సిమన్స్ అమెరికన్ వంటల పుస్తకంలో కుకీలు ఉన్నాయి. ఉప్పగా పెటపెటలాడేది క్రాకర్. ఒక్క పేరు మోసిన బరువును అమెరికాలో మూడు పేర్లు పంచుకున్నాయి. పాత అర్థం మాత్రం పూర్తిగా పోలేదు. 1898లో అక్కడి రొట్టెల కంపెనీలు కలిసి పెట్టుకున్న పేరు నేషనల్ బిస్కట్ కంపెనీ, అదే నబిస్కో. వాళ్లు 1912లో తెచ్చిన ఓరియోకు మొదటి పేరు ఓరియో బిస్కట్. 1930లలో అమెరికాను ఉర్రూతలూపిన పందెపు గుర్రం సీబిస్కట్. దాని తండ్రి గుర్రం పేరు హార్డ్‌టాక్. రెండూ ఓడ రొట్టె పేర్లే.

అమెరికావాళ్లది తప్పు వాడుక అనుకునేవాళ్లు ఇంకో సంగతి చూడాలి. స్కాట్లండులోని అబర్డీన్‌లో సాఫ్ట్ బిస్కట్ అంటే మెత్తటి రొట్టె. ఇంగ్లీషు కాలువలోని గర్న్‌సీ ద్వీపంలోనూ బిస్కట్ అంటే మెత్తటిదే. అదే స్కాట్లండులో కుకీ అని అడిగితే సాదా బన్ను ఇస్తారు. బ్రిటన్‌లోనూ దాని చుట్టుపక్కలా ఇన్ని రకాల వాడుక ఉంది.

తినలేని బిస్కట్లు, కోర్టుకెక్కిన బిస్కట్

మాట వంటింటి గడప కూడా దాటింది. మెరుగు పూయకుండా కాల్చిన పింగాణిని కుమ్మరి కళాకారులు బిస్కట్ అంటారు. పద్దెనిమిదో శతాబ్దం నడుమ ఫ్రాన్సులో వాన్‌సెన్, ఆ తర్వాత సెవ్ర్ కార్ఖానాలు పాలరాతిలా కనిపించే ఇలాంటి బొమ్మలు చేశాయి. విచిత్రం, మెరుగు వేసే రెండో కాల్పుకు పోకుండా మొదటి కాల్పుతో ఆగిపోయినదానికి ఈ పేరు. వడ్రంగంలోనూ బిస్కట్ ఉంది. 1950లలో స్విట్జర్లండుకు చెందిన హెర్మన్ స్టైనర్ రెండు చెక్కల్ని కలపడానికి ఒత్తిన బీచ్ చెక్కతో పలచటి బిళ్లలు చేశాడు. జిగురులోని తడి తగలగానే ఆ బిళ్ల ఉబ్బి అతుకును బిగిస్తుంది. ఎండి ఉండటమే బలంగా పుట్టిన పేరు, ఇక్కడ తడికి ఉబ్బడమే పనిగా మారింది. మన దేశంలో బంగారానికీ బిస్కట్లున్నాయి. పాత తులం లెక్కన పది తులాలది 116.64 గ్రాములు. విమానాశ్రయంలో దొరికిన బంగారం బిస్కట్ల వార్త మన పత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదు! చెక్క బిళ్లలో, బంగారంలో అయితే రొట్టె పోయింది, కాల్పు పోయింది, అరచేతిలో ఇమిడే చదునైన ముక్క ఒక్కటే మిగిలింది.

ఇంతకీ బిస్కట్ అంటే ఏమిటో బ్రిటన్‌లో ఒక న్యాయస్థానం కూడా తేల్చాల్సి వచ్చింది. అక్కడ కేకుకు అమ్మకపు పన్ను లేదు, చాకొలెట్ పూసిన బిస్కట్‌కు ఉంది. జాఫా కేక్స్ అనే చాకొలెట్ పూసిన చిన్న తినుబండారం ఏ కోవలోకి వస్తుంది? 1991లో పన్నుల ట్రిబ్యునల్ ఎన్నో లక్షణాలు పరిశీలించింది. వాటిలో ఒకటి: నిలవైతే కేకు గట్టిపడుతుంది, బిస్కట్ మెత్తబడుతుంది. జాఫా నిలవైతే గట్టిపడింది. కేకేనని తీర్పు వచ్చింది. ఆ కొలతతో చూస్తే అట్లాంటాలో మావాడు తిన్నది బిస్కట్ కాదు. కానీ అట్లాంటాలో ఆ కొలత చెల్లదు.

మన దగ్గర

మన దేశంలో బిస్కట్ మొదట తిండిగా కంటే గీత దాటడానికి గుర్తుగా నిలిచింది. ఎవరు చేశారో తెలియని రొట్టె తింటే కులం పోతుందనుకున్న రోజులవి. 1846లో బెంగాలీ రచయిత రాజనారాయణ్ బసు బ్రహ్మసమాజంలో చేరిన రోజున, కులం పట్టింపు లేదని చాటడానికి బిస్కట్లు, షెర్రీ తెప్పించి పుచ్చుకున్నారు. ఒక బిస్కట్ ముక్కకు అంత ధైర్యం కావలసి వచ్చింది. 1880లో కేరళలోని తలశ్శేరిలో మంబళ్లి బాపు రాయల్ బిస్కట్ ఫ్యాక్టరీ పెట్టాడు. 1892లో కలకత్తాలో 295 రూపాయల పెట్టుబడితో మొదలైన పని బ్రిటానియాగా ఎదిగింది. 1929లో బొంబాయి శివార్లలో పుట్టిన పార్లే 1939లో బిస్కట్లు మొదలుపెట్టింది. ఒకప్పుడు కులానికి ముప్పన్నది పసిపిల్లల పాలగ్లాసులోకి వచ్చింది.

హైదరాబాదులో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద ఉస్మానియా బిస్కట్ ఉంది. తీపి, ఉప్పు రెండూ తగిలే ఆ బిస్కట్ ఇరానీ చాయ్‌లో ముంచగానే కరిగిపోతుంది. ఇరానీ హోటళ్లలోనే టై బిస్కట్ ఉంది, చాంద్ బిస్కట్ ఉంది.

మన వాడుకలోనూ మాట కొత్త చిగురు వేసింది. ఎవరినైనా పొగిడి పని చేయించుకుంటే "బిస్కట్ వేశాడు" అంటాం. కుక్కకు బిస్కట్ వేసి మచ్చిక చేసుకునే తీరు ఆ మాటలో కళ్లకు కడుతుంది. ఆ కుక్క బిస్కట్టూ ఓడ నుంచి వచ్చిందే. 1860 ప్రాంతంలో లండన్ వెళ్లిన అమెరికన్ జేమ్స్ స్ప్రాట్, రేవు దగ్గర పారేసిన ఓడ బిస్కట్లను కుక్కలు తినడం చూసి కుక్కల కోసమే బిస్కట్ తయారుచేశాడని చెబుతారు. పీప్స్ కాలపు నావికుడి రేషను మన కుర్రాళ్ల మాటల్లోకి ఎంత దూరం నడిచి వచ్చిందో!

ఇక మైదా బిస్కట్లు. మా అమ్మ మైదాలో పంచదార పొడి, కాచిన నెయ్యి, చిటికెడు ఉప్పు వేసి గట్టిగా కలుపుతుంది. చపాతీలా ఒత్తి, చాకుతో అడ్డంగా, ఐమూలగా కోస్తే డైమండు ముక్కలు వస్తాయి. వాటిని సన్నసెగ మీద ఎర్రగా వేయిస్తుంది. బట్టీ లేదు, కాల్చడమే లేదు, రెండోసారి అన్న మాటే లేదు. మాట మూలాన్ని పట్టుకుని చూస్తే ఇది బిస్కట్ కాదు. కానీ సన్నసెగ ఎందుకు? లోపలి తడి పోవాలని. గట్టిగా కలపడం ఎందుకు? నీళ్లు తక్కువ పట్టాలని. చల్లారాకే మూత బిగించడం ఎందుకు? ఆవిరి డబ్బాలో నిలవకూడదని. అమ్మ వీటిని ఊరికే వండదు. ఎవరో ఒకరు హాస్టలుకో, కొత్త ఉద్యోగానికో ఊరు దాటుతుంటేనే ఆ బాణలి పొయ్యెక్కుతుంది.

కాల్చే పద్ధతి మారింది, రుచి మారింది, మెత్తదనం మారింది. ఏ ఊళ్లో ఏ చేతులకు ఏది అవసరమైతే ఆ మాట ఆ పని చేసింది. పుట్టుకను బట్టి మాటకు ఒకే అర్థం ఖాయం చేస్తే అట్లాంటా వంటింటినీ, హైదరాబాదు చాయ్ హోటలునూ, మా అమ్మ బాణలినీ తప్పుపట్టాలి. నేను తప్పుపట్టను. మాటను బతికించింది వీళ్లే.

ఆ ఆదివారం మావాడికి ఇదంతా చెప్పాను. మర్నాడు వాడు ఒక ఫోటో పంపాడు. పళ్లెంలో ఒక పక్క వెన్న రాసిన వేడి బిస్కట్, రెండో పక్క డబ్బాలోంచి తీసిన నాలుగు డైమండు ముక్కలు. అమ్మకు చూపించాను. కళ్లజోడు సర్దుకుని ఆ మెత్తటిదాన్ని కాసేపు చూసి, ఫోన్‌లో వాణ్ణే అడిగింది:

"నాన్నా, అది ఎన్నాళ్లు నిలవుంటుందిరా?"